రెండు కత్తులకు రెండు ఒరలు: మా ఇంటి పీసీ డ్యూయల్ బూట్ డైరీ

అక్టోబర్ 18, 2025, శనివారం

విండోస్ 10కి మొన్న 14వ తేదీతో సపోర్ట్ అయిపోయింది. రెండేళ్లుగా రేపు మాపు అంటూ నెట్టుకొచ్చిన పని, ఇక నెట్టడానికి లేదు. హనుమకొండలో మా హాల్లో ఉన్న పీసీ 2019లో అసెంబుల్ చేయించింది. ఐ5 9400ఎఫ్, బీ365 బోర్డు, జీటీఎక్స్ 1650 కార్డు, 480 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ. ర్యామ్ మొదట్లో 8 జీబీ ఉండేది, నిరుడు 16 చేశాం. ఆరేళ్లయినా దాని పనికి వంక పెట్టలేం.

పీసీ ఒక్కటి, మేం ముగ్గురం. బాపు ఇరవై ఏళ్లు డీటీపీ సెంటర్ నడిపాడు. షాపు ఎత్తేసినా చుట్టాల పెళ్లి కార్డులు, గృహప్రవేశం పత్రికలు ఇప్పటికీ ఆయనే పేజ్‌మేకర్ 7లో అను ఫాంట్లతో కంపోజ్ చేస్తాడు. తమ్ముడు బీటెక్ మూడో సంవత్సరం, వాడికి వాలరెంట్ అనే ఆన్‌లైన్ ఆట ఉండాలి. నేను ఇంటి నుంచే అనువాదాలు చేస్తాను. రోజంతా తెలుగు టైపింగ్, రాత్రి ఒక గంట స్టీమ్‌లో (ఆటలు కొని ఆడుకునే యాప్) ఏదో ఒక ఆట. నా పాత ల్యాప్‌టాప్‌లో నాలుగేళ్లు లినక్స్ మింట్ (విండోస్‌కి బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వాడాను. అది పాడైపోయినప్పటి నుంచి మళ్లీ మింట్ మీద కూర్చుని పని చేసుకోవాలని ఒకటే ఆశ.

అలాగని ఇంటి పీసీ మొత్తాన్ని లినక్స్ చేసేయడం కుదరదు. వాలరెంట్‌తో వచ్చే వాన్‌గార్డ్ (ఆటలో మోసాలు పట్టే యాంటీ చీట్ ప్రోగ్రామ్) లినక్స్‌లో నడవదు. బాపు పేజ్‌మేకర్, అను రెండూ విండోస్ కోసం చేసినవే. వీటితో కుస్తీ పట్టి లాభం లేదు, విండోస్ ఉండాల్సిందే.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు కదా, ఉన్న ఒక్క డిస్కునే కోసి విండోస్‌కీ లినక్స్‌కీ పంచే బదులు రెండో ఒర తెచ్చుకోవడం మేలనిపించింది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ తెచ్చాను. ఒకే పీసీలో రెండు సిస్టమ్‌లు, డ్యూయల్ బూట్ అంటే ఇదే: విండోస్ ఒక డిస్కు మీద, మింట్ ఇంకో డిస్కు మీద, దేని బూట్‌లోడర్ (ఆన్ చేయగానే సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) దాని దగ్గరే. రేపు ఒకటి పాడైనా రెండోది లేచి నిలబడుతుంది. ఈ మొత్తం పనిలో నేను గట్టిగా పట్టుబట్టింది ఈ ఒక్క దాని మీదే.

ఎం.2 స్లాట్‌కి బిగించే బుల్లి స్క్రూ ఉంటుంది చూడండి, అది బోర్డు డబ్బాలోనే చిన్న కవర్లో వస్తుంది, చాలామంది డబ్బాతో పాటే పారేస్తారు. బాపు ఆరేళ్లుగా ఆ డబ్బా అటక మీద దాచాడు. స్క్రూ అందులోనే దొరికింది.

అక్టోబర్ 19, ఆదివారం

ఈ రోజంతా బ్యాకప్‌కే పోయింది. బాపు ఒకటే మాట అన్నాడు: "నా ఫైళ్లు పోతే మళ్ల రావు బిడ్డా, ముందుగాల అవి పక్కకు పెట్టు." ఆయన ఫోల్డర్ మొత్తం కలిపితే 14 జీబీ కూడా లేదు, కానీ అందులో ఇరవై ఏళ్ల కార్డులున్నాయి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఒక కాపీ, పెన్ డ్రైవ్‌లో ఒక కాపీ తీశాను. కాపీ అయిందని వదిలేయకుండా ఆయన్నే పక్కన కూర్చోబెట్టుకుని అక్కడక్కడా పది ఫైళ్లు తెరిపించి చూపించాను. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను నమ్మను.

సాయంత్రం అసలు చిక్కు బయటపడింది. మా విండోస్ పాత లెగసీ బూట్ పద్ధతిలో, ఎంబీఆర్ (డిస్కును ముక్కలుగా విభజించే పాత పద్ధతి) డిస్కు మీద ఉంది. విండోస్ 11 కావాలంటే యూఈఎఫ్‌ఐ (కొత్త బూట్ పద్ధతి), జీపీటీ (కొత్త డిస్కు విభజన పద్ధతి), టీపీఎం 2.0 (తాళాలు దాచే భద్రతా భాగం) ఉండాలి. ప్రాసెసర్‌తో ఇబ్బంది లేదు, ఇంటెల్ ఎనిమిదో తరం నుంచి ఒప్పుకుంటారు, మాది తొమ్మిది. డిస్కు మాత్రం మార్చాలి. అంతా తుడిచేసి కొత్తగా వేసుకోవచ్చు గానీ, బాపు పేజ్‌మేకర్ సెటప్ ఎక్కడ ఉందో ఆయనకే గుర్తులేదు. కాబట్టి ఉన్నది ఉన్నట్టుగానే మార్చాలి. దానికి విండోస్‌లోనే ఎంబీఆర్‌టుజీపీటీ అనే కమాండ్ ఉంది. ముందు ఏదీ మార్చకుండా పరీక్షగా వ్యాలిడేట్ అని ఇచ్చి చూస్తే డిస్కు లేఅవుట్ సరిపోలేదని తిప్పికొట్టింది.

కారణం మన దగ్గర ఇంటింటా ఉండేదే. పీసీ అసెంబుల్ చేయిస్తే సీ, డీ, ఈ అని మూడు ముక్కలు చేసి ఇస్తారు. విండోస్‌కి ఒకటి, ఫొటోలకు ఒకటి, సినిమాలకు ఒకటి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే మా 'ఈ' డ్రైవ్ చుట్టూ ఆకుపచ్చ గీత గీసి ఉంది. అది ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌కి గుర్తు. ఎంబీఆర్‌టుజీపీటీకి ఎక్స్‌టెండెడ్ పనికిరాదు, ప్రైమరీలు కూడా మూడుకి మించి ఉండకూడదు, ఎందుకంటే నాలుగో చోటు ఈఎఫ్‌ఐ విభాగానికి (బూట్‌లోడర్ ఉండే చోటు) కావాలి. సిస్టమ్ రిజర్వ్‌డ్, సీ, డీ కలిపితే సరిగ్గా మూడు. అంటే 'ఈ' డ్రైవ్ పోవాలి. అందులోని సినిమాలు ఎక్స్‌టర్నల్‌కి ఎక్కిస్తున్నాను, అర్ధరాత్రి దాటేలా ఉంది. రేపు దీపావళి, పీసీ జోలికి వెళ్లను.

అక్టోబర్ 25, శనివారం

'ఈ' డ్రైవ్ తీసేశాను. ఒక సంగతి గమనించండి, లోపలి డ్రైవ్ డిలీట్ చేశాక ఆ ఆకుపచ్చ గీత అలాగే ఉంటుంది, దాన్ని రెండోసారి విడిగా డిలీట్ చేయాలి. అప్పుడుగానీ వ్యాలిడేట్ పాస్ కాలేదు. తర్వాత అసలు కమాండ్ కొట్టడం, అది పూర్తవడం నిమిషం కూడా పట్టలేదు. కొత్త సిస్టమ్ సరిగ్గా బూట్ కావాలంటే ముందు ఫర్మ్‌వేర్‌ని యూఈఎఫ్‌ఐకి మార్చుకోమని చివర్లో హెచ్చరిక వచ్చింది.

బయాస్‌లోకి (బోర్డు సెట్టింగ్‌లు ఉండే చోటు, ఫర్మ్‌వేర్ అన్నా అదే) వెళ్లి పాత బూట్ పద్ధతిని నడిపే సీఎస్‌ఎం ఆపేశాను, ఇంటెల్ పీటీటీ ఆన్ చేశాను (టీపీఎం విడిగా కొనక్కర్లేదు, ఇంటెల్ బోర్డుల్లో ఈ పేరుతో లోపలే ఉంటుంది), సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే కాపలా) కూడా పెట్టాను. సేవ్ చేసి రీస్టార్ట్ కొట్టినప్పుడు తెర నల్లగా ఉన్న ఆ పదిహేను సెకన్లు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. విండోస్ లేచింది. బాపు డెస్క్‌టాప్ మీద గణపతి బొమ్మ కనిపించింది.

తర్వాత విండోస్ 11 అప్‌గ్రేడ్, ఫైళ్లు, యాప్‌లు ఉంచుకుంటూ. దాదాపు గంటన్నర. పేజ్‌మేకర్ అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేస్తే తెరుచుకుంటోంది, అను కీబోర్డు పని చేస్తోంది, వాలరెంట్ కూడా నడుస్తోంది. సగం పని అయినట్టే. డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్కుకు తాళం వేసే సదుపాయం) ఆన్‌లో ఉందేమో కూడా చూశాను, మా దాంట్లో లేదు. మీ దాంట్లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకునే బయాస్ ముట్టుకోండి, సెక్యూర్ బూట్ సెట్టింగ్ కదిపితే ఆ కీ అడుగుతుంది, లేకపోతే మీ డేటా మీకే అందదు.

అక్టోబర్ 29, బుధవారం

మొంథా తుఫాను. పొద్దుటి నుంచి కుండపోత, కరెంటు వస్తూ పోతూ ఉంది. మా వీధి కాస్త ఎత్తులో ఉండబట్టి ఇంట్లోకి నీళ్లు రాలేదు. ఈ రోజు మింట్ వేద్దామనుకున్నాను, ప్లగ్ పీకి పెట్టేశాను. పార్టిషన్ పని మధ్యలో కరెంటు పోతే డిస్కు ఎటూ కాకుండా పోతుంది. యూపీఎస్ బ్యాటరీ కూడా పాతదే, మార్చాలి.

నవంబర్ 1, శనివారం

యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించాను. ఇప్పుడు మింట్.

తీసుకున్నది మింట్ 22.2, జారా, సినమన్ డెస్క్‌టాప్. ఉబుంటు 24.04 పునాది మీద కట్టింది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. దాదాపు 3 జీబీ ఫైలు. దిగాక, ఫైలు చెడిపోలేదని తేల్చుకోవడానికి విండోస్‌లోనే సర్ట్‌యుటిల్‌తో ఎస్‌హెచ్‌ఏ256 లెక్క సరిచూసి, రూఫస్‌తో పెన్ డ్రైవ్‌కి ఎక్కించాను.

ఇన్‌స్టాల్ చేయకముందే లైవ్‌లో (పెన్ డ్రైవ్ నుంచే మింట్ నడిపి) ఒక పరీక్ష పెట్టుకున్నాను. లిబ్రే ఆఫీస్ డ్రా పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుస్తుంది. బాపు చేసిన పాత శుభలేఖ ఒకటి తెరిచాను. అంచు డిజైన్ వచ్చింది, పెట్టెలు వాటి చోట్లోనే ఉన్నాయి, కానీ "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకేలా ఉండే అక్షర సంకేతాలు) కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చినవి, ఆ ఫాంట్ లేకపోతే కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు. బాపు కాసేపు ఆ తెరనే చూస్తూ ఉండిపోయాడు. విండోస్ ఎందుకు ఉంచుతున్నానో ఆయనకు నేను మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇన్‌స్టాల్‌కి ముందు పీసీ ఆపి, సైడ్ ప్యానెల్ తీసి, విండోస్ ఎస్‌ఎస్‌డీ సాటా కేబుల్ పీకేశాను. ఇది తప్పనిసరిగా చేయండి. ఈ రకం ఇన్‌స్టాలర్‌లో బూట్‌లోడర్ ఏ డిస్కు మీద పెట్టాలో మనం ఎంచుకున్నా, అది మొదట కనిపించిన ఈఎఫ్‌ఐ విభాగంలోకే వెళ్లడం చాలా ఏళ్లుగా తెలిసిన సమస్య. అంటే మింట్ బూట్‌లోడర్ గ్రబ్ పోయి విండోస్ డిస్కులో కూర్చుంటుంది. రెండు ఒరలు కొన్న ఫలితం అక్కడే పోతుంది. కేబుల్ పీకేస్తే దానికి కనిపించేది ఒక్క డిస్కే, ఇంకెక్కడికీ పోలేదు.

512 ఎంబీ ఈఎఫ్‌ఐకి, 100 జీబీ రూట్‌కి (సిస్టమ్ ఉండే చోటు), మిగతాదంతా హోమ్‌కి (నా ఫైళ్లు ఉండే చోటు), రెండూ ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్ పద్ధతి). పది నిమిషాల్లో అయిపోయింది. తర్వాత డ్రైవర్ మేనేజర్‌లో ఎన్‌విడియా డ్రైవర్ ఎంచుకున్నాను. సెక్యూర్ బూట్ ఉంది కాబట్టి ఒక పాస్‌వర్డ్ పెట్టమంది, పెట్టాను. రీస్టార్ట్ చేసి నీళ్లు తాగడానికి వంటింట్లోకి వెళ్లాను. వచ్చేసరికి మింట్ తెరుచుకుని ఉంది, కానీ తెర మీద అక్షరాలు ఇంతింత లావు, రిజల్యూషన్ 1024 దగ్గర ఆగిపోయింది. డ్రైవర్ లోడ్ కాలేదు. రాత్రి పదకొండు అవుతోంది. బయాస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపేశాను, వెంటనే డ్రైవర్ ఎక్కింది, తెర సరిగ్గా వచ్చింది. కేబుల్ తిరిగి పెట్టి పడుకున్నాను.

నవంబర్ 2, ఆదివారం

పొద్దున ఎనిమిదింటికి తమ్ముడు లేపాడు. "అక్కా, వాలరెంట్ వస్తలేదు, వ్యాన్ 9003 అంటుంది." ఆ నంబరుకు అర్థం సెక్యూర్ బూట్ లేదని. విండోస్ 11లో వాన్‌గార్డ్‌కి టీపీఎం, సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉండాలి. రాత్రి నేను నా దారి సులువు చేసుకోవడానికి ఆపింది వాడి దారికి అడ్డం పడింది. డిస్కులు రెండైనా బయాస్ ఒక్కటే, అక్కడ మార్చింది ఇద్దరికీ తగులుతుంది. ఇది నేను ముందే ఆలోచించాల్సింది.

సరిగ్గా చేస్తే పని ఎలా జరగాలో చెబుతాను. సెక్యూర్ బూట్ ఉన్నప్పుడు లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కి గుండె లాంటిది) సంతకం లేని డ్రైవర్‌ని లోపలికి రానివ్వదు. ఎన్‌విడియా డ్రైవర్ మన మెషీన్‌లోనే కంపైల్ అవుతుంది, దానికి మన మెషీన్‌లోనే తయారైన తాళం చెవితో సంతకం పడుతుంది. ఆ చెవి నాదేనని ఫర్మ్‌వేర్‌కి ఒక్కసారి మనం ఎదురుగా ఉండి చెప్పాలి. దానికోసమే ఆ పాస్‌వర్డ్. రీస్టార్ట్ అవుతున్నప్పుడు నీలం తెర వచ్చి ఏదో ఒక కీ నొక్కమని పది సెకన్లు లెక్కపెడుతుంది. నొక్కకపోతే దాటుకుని వెళ్లిపోతుంది, మళ్లీ అడగదు. నిన్న నేను వంటింట్లో ఉన్నది సరిగ్గా ఆ పది సెకన్లే.

సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చేసి, మింట్‌లో మోక్‌యుటిల్ కమాండ్‌తో ఆ చెవిని (దాన్నే మోక్ అంటారు) ఇంకోసారి ఇంపోర్ట్‌కి పెట్టి, పాస్‌వర్డ్ ఇచ్చి, రీస్టార్ట్ చేసి కీబోర్డు మీద చేయి పెట్టుకునే కూర్చున్నాను. నీలం తెర వచ్చింది. ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, యస్, పాస్‌వర్డ్, రీబూట్. మింట్ లేచాక సెక్యూర్ బూట్ స్థితి అడిగితే ఎనేబుల్డ్ అంది, ఎన్‌విడియా కార్డు కూడా కనిపించింది. విండోస్‌లోకి వెళ్తే వాలరెంట్ తెరుచుకుంది. డ్యూయల్ బూట్ కోసం సెక్యూర్ బూట్ ఆపేయమని చెప్పే పాత సలహాలు ఇంకా తిరుగుతున్నాయి. ఇంట్లో ఇలాంటి ఆట ఆడేవాళ్లుంటే ఆ సలహా వినకండి.

బూట్ ఆర్డర్ కూడా ఇవాళే సర్దాను. కేబుల్ పీకి పెట్టేసరికి మింట్ ముందుకొచ్చింది. మళ్లీ విండోస్‌నే మొదట పెట్టాను, బాపు బటన్ నొక్కితే ఏ మెనూ అడ్డు రాకుండా నేరుగా ఆయన డెస్క్‌టాప్ రావాలి. మింట్ కావాలంటే నేనే ఎఫ్12 నొక్కుకుంటాను. అది మా బోర్డుకు. కొన్నింటికి ఎఫ్11, కొన్నింటికి ఎఫ్8.

నవంబర్ 5, బుధవారం

కార్తీక పౌర్ణమి. వేయిస్తంభాల గుడికి వెళ్లి దీపాలు పెట్టి వచ్చేసరికి ఎనిమిది దాటింది. బాపు పీసీ ఆన్ చేసి పిలిచాడు. "గోడ గడియారం ఎనిమిదీ పది, ఇదేమో రెండూ నలభై అంటుంది, ఏందిది?"

సరిగ్గా ఐదున్నర గంటల తేడా. ఆ అంకె చూడగానే కారణం తెలిసిపోయింది. బోర్డు మీది గడియారంలో లినక్స్ గ్రీనిచ్ సమయం రాసిపెడుతుంది, విండోస్ అదే స్థానిక సమయం అనుకుని చదువుతుంది. ఇద్దరిలో ఒకర్ని మార్చాలి. లినక్స్‌ని స్థానిక సమయానికి మార్చడం మంచిది కాదని కమాండ్ ఇచ్చేటప్పుడే హెచ్చరిక వస్తుంది, కానీ అందులో ముఖ్యమైన భయం ఏడాదికి రెండుసార్లు గడియారం ముందుకీ వెనక్కీ జరిపే దేశాలది. మనకు ఏడాది పొడవునా ఒకే సమయం. అందుకే టైమ్‌డేట్‌సీటీఎల్‌తో మింట్‌నే మార్చేశాను. ముహూర్తాలు రాసే మనిషి ముందు గడియారం తప్పు చూపించకూడదు.

నవంబర్ 9, ఆదివారం

నిన్నా ఇవాళా నా వంతు. తెలుగు ముందు. కీబోర్డు లేఅవుట్లలో ఇండియన్ కింద తెలుగు ఉంది, నాకు ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) అలవాటు కాబట్టి అదే చాలు. ఇంగ్లిష్ ఉచ్చారణతో కొట్టేవాళ్లు ఐబస్ ఎం17ఎన్ వేసుకుంటే అక్కడ ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులు దొరుకుతాయి. ఫాంట్స్ తెలు ఎక్స్‌ట్రా ప్యాకేజీతో పోతన, వేమన వచ్చాయి. కమాండ్లు కొట్టే టెర్మినల్ తప్ప, ఫైల్ పేర్లు, బ్రౌజర్ ట్యాబ్‌లు అన్నిచోట్లా వత్తులు శుభ్రంగా కనిపిస్తున్నాయి. టెర్మినల్‌లో గుణింతాలు ఇప్పటికీ ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి, అక్కడ తెలుగు చదవాలని నేను పెట్టుకోను.

డీ డ్రైవ్‌లో ఫొటోలు చూద్దామంటే తెరుచుకుంది గానీ ఏదీ సేవ్ కావడం లేదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ కొట్టినా పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ పద్ధతి) డ్రైవ్ ఇంకా తన చేతిలోనే ఉందనుకుంటుంది. ఆ స్థితిలో లినక్స్ చదవడానికి మాత్రమే ఇవ్వడం మన మంచికే, బలవంతంగా రాస్తే ఫైళ్లు చెడిపోతాయి. విండోస్‌లో అడ్మిన్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీతో హైబర్నేట్ ఆపేస్తే సరిపోయింది. సీ డ్రైవ్‌ని మాత్రం మింట్ నుంచి అసలు తెరవను, అక్కడ నాకు పని లేదు.

ఆటలు. కౌంటర్ స్ట్రైక్ 2కి లినక్స్ వెర్షన్ ఉంది, దించుకుని ఆడటమే. మిగతావి ప్రోటాన్ (విండోస్ ఆటల్ని లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) మీద. స్టీమ్ కంపెనీ వాల్వ్ దాన్ని 2018లో మొదలుపెట్టింది, వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్ స్టీమ్ డెక్ వచ్చాక ఇంకా బలపడింది. పుణె వాళ్లు చేసిన రాజీ ఆట వేశాను, మొదటిసారి వల్కన్ షేడర్లు (గ్రాఫిక్స్ కార్డు నడిపే చిన్న ప్రోగ్రామ్‌లు) తయారు చేసుకుంటూ కాసేపు ఆగింది, ఆ తర్వాత ఎక్కడా తడబడలేదు. రాజస్థాన్ కోటల్లాంటి ఆ గోడల మీద దూకుతుంటే బాపు కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆన్‌లైన్ పోటీ ఆటలు కొనేముందు మాత్రం యాంటీ చీట్ సంగతి చూసుకోండి. అపెక్స్ లెజెండ్స్ 2024 దాకా లినక్స్‌లో ఆడేవాళ్లు, తర్వాత తలుపు మూసేశారు. జీటీఏ ఆన్‌లైన్ కూడా అదే ఏడాది అలాగే పోయింది.

తమ్ముడు ఒక మాట అన్నాడు, ఆటలన్నీ డీ డ్రైవ్‌లోనే పెడితే రెండు వైపుల నుంచీ వాడుకోవచ్చు కదా అని. వద్దన్నాను. ప్రోటాన్ ఒక్కో ఆటకు తన ఫోల్డర్‌లో కోలన్ గుర్తు ఉన్న పేర్లు పెడుతుంది. విండోస్‌లో ఫైల్ పేరుకు ఆ గుర్తు నిషిద్ధం, డిస్కు తనిఖీ నడిచినప్పుడు గొడవ మొదలవుతుంది. వాడి ఆటలు వాడి డిస్కు మీద, నావి నా దాని మీద.

నవంబర్ 15, శనివారం

వారం నుంచి ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు, నన్ను ఎవరూ పిలవలేదు. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ వారానికోసారి స్నాప్‌షాట్ (వెనక్కి వెళ్లడానికి సిస్టమ్ కాపీ) తీసేలా పెట్టాను. గురువారం మా మేనత్త కొడుకు పెళ్లి కార్డు బాపు విండోస్‌లో కంపోజ్ చేసి ప్రింట్‌కి పంపాడు.

మిగిలింది ఆ పాత కార్డుల పని. లైవ్‌లో డాలర్ గుర్తులు చూసిన రోజు నుంచీ బాపు అడుగుతున్నాడు, "నా తర్వాత ఇవి ఎవరు తెరుస్తరు?" అని. అందుకని ఇద్దరం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఆయన విండోస్‌లో ఒక్కో కార్డునూ పీడీఎఫ్ చేసి, అందులోని మాటల్ని అను నుంచి యూనికోడ్‌కి మార్చి, రెండూ డీలో పెడతాడు. రాత్రి నేను మింట్‌లో తెరిచి సరిచూస్తాను. మార్పిడిలో ర వత్తు పక్క అక్షరానికి తగులుకుంటోంది, కొన్ని సున్నాలు ఎగిరిపోతున్నాయి. ఆయన పీడీఎఫ్ చూస్తూ పైకి చదువుతాడు, నేను దిద్దుతాను. 2006 మాఘమాసం ఫోల్డర్ నిన్న మొదలుపెట్టాం. అందులో 41 కార్డులున్నాయి, ఆరు అయ్యాయి.